గురువు పోయిన రెండు వారాలకు చేసిన రికార్డింగు

ప్రశ్న: నేను చాలా ఏళ్లుగా పిల్లలకు వయొలిన్ నేర్పుతున్నాను. అమెరికాలో ఉన్న మా అబ్బాయి కీత్ జారెట్ అనే జాజ్ పియానో విద్వాంసుడి ‘బై బై బ్లాక్‌బర్డ్’ ఆల్బమ్ పంపించి, జారెట్ గురువైన ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ పోయినప్పుడు జారెట్ దీన్ని ఆశువుగా వాయించాడని చెప్పాడు. గురువుగారి స్మృతికి సమర్పించేదాన్ని బాగా సాధన చేసి వాయించాలి గాని, అప్పటికప్పుడు తోచింది వాయించడం మర్యాద అవుతుందా? ముందుగా ఏమీ అనుకోకుండా మొదలుపెట్టిన సంగీతం అంతసేపు ఎలా నిలబడుతుంది?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: మీ సందేహం న్యాయమైనదే. మన దగ్గర గురువు ఆరాధన అంటే ఆయన నేర్పిన కీర్తనలను, ఆయన చెప్పిన పాఠం చెడకుండా పాడటమే. అయితే అవధాన విద్య నేర్పిన గురువు గతించినప్పుడు శిష్యుడు ఇంటి దగ్గర రాసుకొచ్చిన పద్యాలు చదివితే సభకు ఏదో వెలితిగా అనిపిస్తుంది. నిలబడి అప్పటికప్పుడు పద్యం చెప్పినప్పుడే ఆ గురువు విద్య అక్కడ వినిపిస్తుంది. మైల్స్ డేవిస్ నేర్పినది ఆ రెండో రకం విద్య.

1959లో న్యూయార్క్‌లో ఆయన చేసిన ‘కైండ్ ఆఫ్ బ్లూ’ రికార్డింగుకు వాద్యకారుల చేతికి ఆయన అందించినవి పూర్తి స్వరలిపులు కావు, ఏ స్వరాల మీద నడవాలో సూచించే చిన్న చిత్తు నమూనాలు మాత్రమే. కొత్తదాన్ని ఎదుర్కొన్న మొదటి క్షణంలో మనిషి వినే తీరులో ఒక మెలకువ ఉంటుందనీ, పదిసార్లు సాధన చేశాక అది మొద్దుబారుతుందనీ ఆయన పద్ధతిని చూస్తే అర్థమవుతుంది. అలాంటి గురువుకు బాగా తీర్చిదిద్దిన నివాళి సమర్పించడమే, నా దృష్టిలో, ఆయన పాఠాన్ని పక్కన పెట్టడం అయ్యేది.

మైల్స్ 1991 సెప్టెంబరు 28న కాలిఫోర్నియాలో తన 65వ ఏట కన్నుమూశారు. అక్టోబరు 12న, అంటే సరిగ్గా రెండు వారాలకు, జారెట్ న్యూయార్క్‌లోని పవర్ స్టేషన్ స్టూడియోలో పియానో ముందు కూర్చున్నారు. డబుల్ బాస్ మీద గ్యారీ పీకాక్, డ్రమ్స్ మీద జాక్ డిజానెట్ ఉన్నారు. ఆ ముగ్గురూ ఏదో ఒక కాలంలో మైల్స్ పక్కన వాయించినవారే. ఆ రికార్డింగును ఈసీఎం అనే రికార్డుల సంస్థ 1993లో విడుదల చేసింది.

మీ అబ్బాయి చెప్పిన మాటకు ఒక చిన్న సవరణ అవసరం. ఆల్బమ్‌లో ఉన్న ఎనిమిదింటిలో ఆరు అప్పటికే ఉన్న పాటలు. వాటి వరుసను, స్వరసంగతుల (ఒకేసారి కలిపి పలికించే స్వరాల) క్రమాన్ని ఆధారం చేసుకుని మనోధర్మంతో విస్తరించారు. పూర్తిగా ఆశువుగా పుట్టినవి రెండే: ‘ఫర్ మైల్స్’, చివరిదైన ‘బ్లాక్‌బర్డ్, బై బై’. ఆ రెండింటికీ కర్తలుగా ముగ్గురి పేర్లూ వేశారు. అది నాకు చాలా ముఖ్యమైన విషయంగా తోస్తుంది, ఎందుకంటే అక్కడ పియానో ప్రధానం, మిగతావి పక్కవాద్యాలు అనే విభజన లేదు.

ఇక అది ఎలా నిలబడుతుందన్నారు. ‘ఫర్ మైల్స్’ 18 నిమిషాలకు పైగా సాగుతుంది. మీరు రాగాలాపన చేసేటప్పుడు ఏ సంచారం ముందు వస్తుందో మీకు తెలియకపోయినా, రాగమూ శ్రుతీ మిమ్మల్ని దారి తప్పనివ్వవు కదా. మైల్స్ 1950ల చివరలో జాజ్‌లోకి తెచ్చిన పద్ధతి దానికి దగ్గరి చుట్టం: క్షణక్షణానికీ మారే స్వరసంగతులను తగ్గించి, ఒకే స్వరశ్రేణి మీద ఎక్కువసేపు నిలవడం. అలా నిలిచినప్పుడు బాస్ కింద నేల పరుస్తుంది, పియానోలో పుట్టిన చిన్న పలుకును డ్రమ్స్ అందుకుని మరో నడకలో తిరిగి ఇస్తాయి, దాన్ని విన్న పియానో తన తర్వాతి మాటను మార్చుకుంటుంది. పైగా ఈ ముగ్గురూ అప్పటికే 1983 నుంచి కలిసి వాయిస్తూ ఉన్నారు. ముందుగా అనుకోలేదు అన్నంత మాత్రాన ముందు సాధన లేదని కాదు.

మీరు వినే ముందు చిన్న పని చేయమని కోరుతున్నాను. మైల్స్ 1956లో రికార్డు చేసిన ‘బై బై బ్లాక్‌బర్డ్’ పాటను మొదట వినండి. (ఆ పాట వచ్చింది 1926లో, ఆయన పుట్టింది కూడా ఆ ఏడే.) ట్రంపెట్ వెడల్పు నోటికి అల్యూమినియం మ్యూట్ (నాదాన్ని అణిచే బిరడా) బిగించి, దాని మధ్యలో ఉండే సన్నని గొట్టాన్ని తీసేసి, మైక్రోఫోన్‌కు బాగా దగ్గరగా ఆయన వాయిస్తారు. ఆ నాదం గుసగుసలా ఉంటుంది గాని, ప్రతి స్వరం చివర ఒక పదును ఉంటుంది. పాటలోని స్వరాలన్నీ ఆయన వాయించరు. కొన్నింటిని వదిలేసి, ఆ ఖాళీని మన చెవికి అప్పగిస్తారు. ఆ తర్వాత జారెట్ బృందం వాయించినది పెట్టుకోండి. ట్రంపెట్ లేదు. ఆ స్థానంలో వాయించడానికి నాలుగో మనిషిని పిలవకపోవడమే ఈ ఆల్బమ్‌లో వారు చేసిన గొప్ప పని అని నేను నమ్ముతాను. పాట తెలిసినవారికి ఆ లోటు మొదటి నిమిషం నుంచే వినిపిస్తుంది.

ప్రశ్న: జారెట్ ఆల్బమ్ వింటుంటే పియానో వెనక ఎవరో మూలుగుతున్నట్టు, కూనిరాగం తీస్తున్నట్టు వినిపిస్తోంది. నా కాపీలో లోపమా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: లోపం కాదు. అది జారెట్ గొంతు. వాయిస్తూ వాయిస్తూ లోపల నడుస్తున్న స్వరాన్ని ఆయన పైకి అనేసేవారు, ఒక్కోసారి పీట మీద నుంచి లేచి నిలబడి వాయించేవారు. చాలామందికి ఇది చికాకు. నాకూ మొదట్లో అలాగే ఉండేది గాని, తర్వాత కల్పనస్వరం వేసే ముందు గాయకుడి పెదవుల కదలికను దగ్గర నుంచి చూస్తున్నట్టు అనిపించడం మొదలైంది.

ప్రశ్న: జారెట్ మైల్స్ దగ్గర ఉన్నది ఏడాదిన్నరే అని చదివాను. అంతమాత్రానికి గురువు అనవచ్చునా?
– ఒక విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: ఎదురుగా కూర్చోబెట్టి పాఠం చెప్పిన గురువు కాదు. జాజ్‌లో శిష్యరికం అంటే పెద్దవారి బృందంలో చేరి, వేదిక మీదే నేర్చుకోవడం. అలా మైల్స్ బృందంలో నేర్చుకుని తర్వాత సొంత దారులు వేసుకున్నవారిలో జాన్ కోల్ట్రేన్, బిల్ ఎవాన్స్, హెర్బీ హాన్‌కాక్ వంటివారు ఉన్నారు. ఆయన దగ్గర గిటార్ వాయించిన జాన్ మెక్‌లాఫ్లిన్ తర్వాతి కాలంలో మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్‌తో కలిసి ‘రిమెంబర్ శక్తి’ బృందంలో కచేరీలు చేశారు, కనుక ఆ పరంపర గోదావరి జిల్లాల దాకా ఒక పాయగా వచ్చిందనుకోవచ్చు.

జారెట్ విషయంలో నన్ను కదిలించేది మరొకటి. 1970లో మైల్స్ బృందంలో చేరినప్పుడు ఆయనకు దక్కినవి ఎలక్ట్రిక్ పియానో, ఆర్గన్. కరెంటుతో పలికే వాద్యాలంటే ఆయనకు గిట్టదు. అయినా మైల్స్‌తో వాయించాలన్న కోరికతో వాటి ముందు కూర్చున్నారు, 1971లో బయటికి వచ్చాక మళ్లీ తన మామూలు పియానోకే వెళ్లిపోయారు. అక్టోబరు 12న స్టూడియోలో ఆయన చేతి కింద ఉన్నదీ అదే.

ప్రశ్న: ఈ ముగ్గురి కచేరీ ఇప్పుడు ఎక్కడైనా వినవచ్చునా?
– అదే విద్యార్థిని

జవాబు: వీలు కాదమ్మా. పీకాక్ 2020లో, డిజానెట్ 2025 అక్టోబరులో కన్నుమూశారు. 2018లో రెండుసార్లు పక్షవాతం వచ్చి జారెట్ ఎడమ చెయ్యి పట్టు తప్పింది. ఆయన కుడిచేత్తో మాత్రమే వాయించగలుగుతున్నానని 2020లో చెప్పారు.