మధ్యలో చదునైన కార్బన్ ఉన్న వలయం కంప్యూటర్‌లో స్థిరంగా వచ్చింది. కొత్త ఆరోమాటిక్ అణువు దొరికినట్టేనా?

బోరాన్ వలయం మధ్యలో కార్బన్ పెడితే ఇమాజినరీ ఫ్రీక్వెన్సీ (ఆ ఆకారం నిలవదని చెప్పే కంపనం) ఒక్కటి కూడా రాలేదు, నిక్స్ విలువ (వలయం ఆరోమాటికా, అంటే ఎలక్ట్రాన్లు వలయమంతా తిరుగుతూ దాన్ని స్థిరపరుస్తున్నాయా అని చూసే కొలత) బాగా నెగటివ్‌గా ఉంది, అంటే ఆరోమాటిక్ అన్నట్టే, పేపర్ రాసేయొచ్చా అని అడిగారు. ఆగండి. నేను ఆగలేదు కాబట్టే చెబుతున్నా.

చెన్నైలో పీహెచ్‌డీ రెండో ఏడు. అచ్చం మీలాంటి వలయమే. అర్ధరాత్రి కంప్యూటర్‌లో లెక్క ముగిసింది, ఫ్రీక్వెన్సీలన్నీ పాజిటివ్. పొద్దున్నే ల్యాబ్‌లో అందరికీ ఫిల్టర్ కాఫీ ఇప్పించాను. నెల్లూరు నుంచి వచ్చిన సీనియర్ అక్క ఒకరు కాఫీ తాగుతూనే అడిగారు: "కార్బన్‌ని అంచుకి నెట్టి చూశావా తమ్ముడూ?" చూడలేదు. నెట్టి చూస్తే ఎనర్జీ పదుల కిలోక్యాలరీలు కిందికి దిగిపోయింది. నా చదును కార్బన్ కొండ మీది చిన్న గుంటలో ఆగిందంతే.

బోరాన్ కన్నా కార్బన్‌కి ఎలక్ట్రోనెగటివిటీ ఎక్కువ. మధ్యలో అందరితో పంచుకునే బంధాల కన్నా, అంచున ఇద్దరితో గట్టి బంధాలే దానికి ఇష్టం. ఆరు బోరాన్ల మధ్య కార్బన్‌ని 2000లో రసాయన శాస్త్రవేత్త ష్లేయర్ బృందం లెక్కలతో ఊహించింది. ఏడు బోరాన్లు, ఒక కార్బన్ ఉన్న అయాన్‌ని 2007లో ప్రయోగంలో చూస్తే కార్బన్ అంచునే కనిపించింది. అదే నాలుగు అల్యూమినియంల మధ్య అయితే చదునుగా కూర్చుంటుంది, 1999లోనే ప్రయోగంలో తేలింది. అల్యూమినియం ఎలక్ట్రాన్లు ధారాళంగా ఇస్తుంది మరి.

ఈ చదును కార్బన్ కథ మొదలైంది 1970లో, రసాయన శాస్త్రవేత్త హాఫ్‌మన్‌తో. మీథేన్‌ని చదును చేయడానికి సీ-హెచ్ బంధం తెంచడం కన్నా ఎక్కువ శక్తి కావాలి, అందుకే ఎలక్ట్రాన్లు ఇచ్చే పొరుగువాళ్లు కావాలన్నారు. 1976లో ష్లేయర్, పోపుల్ అనే మరో రసాయన శాస్త్రవేత్త కలిసి ఇదే విషయం మీద రాసిన పేపర్లో జెమ్మిస్ గారి పేరూ ఉంటుంది. తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో, బెంగళూరు ఐఐఎస్‌సీలో పాఠాలు చెప్పినాయనే.

ముందు అదే ఫార్ములాతో వేల రాండమ్ ఆకారాలు వేసి గ్లోబల్ మినిమమ్ (అన్నిటికన్నా తక్కువ ఎనర్జీ ఉన్న ఆకారం) వెతకండి, ట్రిప్లెట్ (జత కాని ఎలక్ట్రాన్లు రెండున్న స్థితి)లో కూడా. ఎనర్జీ తక్కువగా వచ్చిన నాలుగైదింటిని సీసీఎస్‌డీ(టీ) అనే మరింత కచ్చితమైన పద్ధతితో మళ్లీ లెక్కించండి. 300 కెల్విన్ దగ్గర కొన్ని పికోసెకన్లు డైనమిక్స్‌లో (అణువు కదలికల్ని కంప్యూటర్‌లో నడిపించి చూడటంలో) విరగలేదంటే వేరే ఆకారానికి మారకుండా ఆపే ఎనర్జీ అడ్డుగోడ ఎత్తుగా ఉందని, అంతే. ఇంకోటి, వలయం మధ్యలో కార్బనే కూర్చుంటే నిక్స్ బిందువు ఎక్కడ పెట్టారు? కార్బన్‌కీ రెండు బోరాన్లకీ మధ్య త్రికోణంలో, దానికి ఒక ఆంగ్‌స్ట్రామ్ పైన చూడండి.

నాది మాత్రం చివరికి థీసిస్ అనుబంధంలో రెండు పేజీలైంది.