సెట్ అవ్వని 'సెట్'

తమ్ముడూ,

నీ అనువాదం రాత్రి కూర్చుని మొత్తం చదివాను. కథ మంచిది, చెయ్యి కూడా బానే తిరిగింది. కానీ ఇంగ్లీషులో 'సెట్' అన్న మాట కనపడ్డ ప్రతిచోటా 'అమర్చాడు', 'అమర్చింది' అంటూ పోయావు. బల్ల మీద కంచాలు అమర్చింది, సరే. ఉచ్చు అమర్చాడు, గడువు అమర్చారు, పగడం అమర్చిన ఉంగరం... ఇదేంటయ్యా, ఎలక్ట్రీషియన్ రాసిన కథలా ఉంది!

నిన్ను అనే మొహం నాకూ లేదులే. నా మొదటి అనువాదంలో 'సెట్ హిజ్ జా' అని ఉంటే కోపమొచ్చిన హీరో 'దవడ సర్దుకున్నాడు'. పళ్లు బిగించాడు అని రాయాలని తట్టలేదు. ఎడిటర్ గారు చదివి, ఏం, పళ్ల డాక్టరు దగ్గర్నుంచి వస్తున్నాడా అన్నారు.

1989లో 20 సంపుటాలుగా వచ్చిన ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో ఈ మాటకి 430 అర్థాలున్నాయి, ఇప్పుడు 'రన్' దాన్ని దాటేసిందంటారు, అది వేరే సంగతి. నిజానికి ఇందులో రెండు మాటలు కలిసిపోయాయి. 'కూర్చోబెట్టు' అనే పాత ఇంగ్లీషు క్రియ ఒకటి, లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చిన 'గుంపు' అనే నామవాచకం ఇంకోటి. పంపుసెట్టు, టీ సెట్టు, లెక్కల్లో సమితి, ఇవన్నీ ఆ రెండోదాని వైపు. వీటితో పెద్ద తంటా లేదు, చంపేది క్రియే.

అంతమాత్రాన ఇంగ్లీషుని తిట్టకు. మన 'పెట్టు' ఏం తక్కువ తింది? అన్నం పెడతాం, పేరు పెడతాం, ముహూర్తం పెడతాం, నిప్పు పెడతాం, కోడి గుడ్డు పెడుతుంది, అత్తగారు ఆరళ్లు పెడుతుంది. వీటన్నిటికీ ఒకే ఇంగ్లీషు మాట వెతికేవాణ్ణి చూస్తే నవ్వుతావు కదా, నువ్వు చేసిందీ అదే.

నేను చేసేదేంటంటే, 'సెట్' జోలికి పోను, దాని పక్కనున్న నామవాచకం చూస్తాను, ఆ పని మన దగ్గర ఎవరు చేస్తారో, వాళ్ల నోట్లో ఏ మాటుందో గుర్తు చేసుకుంటాను. వేటగాడైతే ఉచ్చు పన్నుతాడు. పాటకి బాణీ కడతారు, పెరుగు తోడుకుంటుంది, పొద్దు గుంకుతుంది. విరిగిన ఎముకని సరిచేసి కట్టడమంటే మనకి చిత్తూరు వైపు పుత్తూరు కట్టు ఉండనే ఉంది. కంసాలి ఉంగరంలో రాయి పొదుగుతాడు, కోడేమో గుడ్లు పొదుగుతుంది. తమాషా ఏంటంటే ఇంగ్లీషువాళ్లు కూడా రాయినీ, పొదుగుకి కూర్చోబెట్టే కోడినీ ఈ 'సెట్' కిందే వేశారు. ఇది చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదంటే నమ్ము.

అలాగని ఎక్కడా 'సెట్' వాడొద్దని కాదు. మేస్త్రీ "స్లాబు సెట్ అవ్వాలండీ" అంటే అలాగే ఉంచు. కుర్రాడు "మావా, సంబంధం సెట్టయింది" అంటే దాన్ని 'కుదిరింది' చేశావంటే వాడి వయసు ఇరవయ్యేళ్లు పెంచినట్టే. కథకుడి గొంతులో మాత్రం ఒప్పుకోను.

ఇక ఆరో పేజీలో ముసలావిడ. 'సెట్ ఇన్ హర్ వేస్' అని ఉంటే 'తన దారుల్లో అమరిపోయింది' అన్నావు, పాపం ఆవిడ ఎటూ కదల్లేకపోతోంది. 'ఆవిడ పద్ధతులు ఆవిడవి' అంటే సరిపోతుందేమో. నీకింకా మంచిది తోస్తే అదే ఉంచి, ఆ పేజీ ఒక్కటీ నాకు మళ్లీ పంపు.

మీ అన్న