‘నియంత్రిస్తాయి’ అంటే తగ్గిస్తాయనేనా?

సందేహం: డిగ్రీ తెలుగు మాధ్యమం పిల్లలకు ఆర్ఫన్ న్యూక్లియర్ రిసెప్టర్ల మీద పాఠం తయారు చేస్తున్నాను. ‘అనాధ అణు గ్రాహకాలు కణాల్లో జన్యు వ్యక్తీకరణను నియంత్రిస్తాయి’ అని రాశాను. ‘అంటే జన్యువుల పని తగ్గిస్తాయా మేడం?’ అని అడుగుతున్నారు. నా వాక్యంలో ఏం సవరించుకోవాలి?
– జంతుశాస్త్ర అధ్యాపకురాలు, హనుమకొండ

సమాధానం: పిల్లలు అడిగింది చాలా మంచి ప్రశ్న. దాని దగ్గరికి వచ్చే ముందు రెండు చిన్న సవరణలు. ‘అనాధ’ తప్పు, ‘అనాథ’ ఒప్పు. నాథుడు, అంటే కాపాడేవాడు, లేనివాడు అనాథ. ఇక న్యూక్లియర్ అనగానే అణుబాంబు, అణువిద్యుత్తు గుర్తొచ్చి ‘అణు’ అని రాసేస్తాం. ఇక్కడ ఆ మాట కుదరదు. సైన్సు పాఠ్యపుస్తకాల్లో అణువంటే మాలిక్యూల్. మీరు చెబుతున్నది కణంలోని కేంద్రకం గురించి కాబట్టి ‘కేంద్రక గ్రాహకాలు’ అనండి. అంటే హార్మోను లాంటి సంకేతాన్ని అందుకుని జన్యువుల పనిని మార్చే ప్రోటీన్లు.

అనాథ అనే మాట వాడవచ్చు గానీ, లేనిదేమిటో పిల్లలకు విప్పి చెప్పాలి. మన వరంగల్ పల్లెల్లో అవ్వ, అయ్య లేని పిల్లను అనాథ అంటాం. ఈ గ్రాహకాలకు అలా లేనిది లైగాండ్, అంటే వచ్చి అతుక్కుని వాటిని పనిలోకి దించే హార్మోను లాంటి పదార్థం. నిజానికి లేదని కూడా కాదు, గ్రాహకం దొరికిన నాటికి దాని లైగాండ్ ఏదో తెలియదు, అంతే. 1988లో ఈస్ట్రోజెన్ గ్రాహకాన్ని పోలిన రెండు గ్రాహకాలు బయటపడ్డాయి. అవి ఈస్ట్రోజెన్‌కు స్పందించలేదు. అనాథ అన్న పేరు అలాంటివాటికి వచ్చింది. తర్వాత లైగాండ్ దొరికినవాటిని దత్తత పోయినవి అంటారు. పిత్తామ్లాలకు (పైత్యరసంలోని ఆమ్లాలకు) స్పందించే ఎఫ్ఎక్స్ఆర్ అనే గ్రాహకం 1999లో అలా దత్తత పోయింది. నర్1 అనే మరో గ్రాహకం సంగతి వేరు. లైగాండ్ కూర్చోవలసిన చోటును దాని సొంత అమైనో ఆమ్లాలే నింపేశాయని 2003లో తేలింది. లైగాండ్ ఆ చోటికి రాకుండానే అది పని చేస్తుంది. దాన్ని అనాథ అని జాలిపడనక్కర్లేదు.

ఇప్పుడు అసలు చిక్కు, ‘నియంత్రించు’. అమరకోశం ‘నియంత’ను సారథికి పర్యాయపదంగా చెప్పింది. సారథి పగ్గం బిగించనూ గలడు, వదలనూ గలడు. తెలుగులో మాత్రం ఈ మాట బిగించే వైపే ఒరిగిపోయింది. ధరల నియంత్రణ, జనాభా నియంత్రణ, షుగర్ నియంత్రణ... అన్నీ తగ్గించడమే. నియంత అంటే సరేసరి! ఈ మాటలు రోజూ వినే పిల్లలు మీ వాక్యాన్ని అలా అర్థం చేసుకోవడంలో వింతేముంది?

ఈ గ్రాహకాలు రెండు పనులూ చేస్తాయి. టీబీకి వాడే రిఫాంపిసిన్ కాలేయ కణంలోకి వెళ్లి పీఎక్స్ఆర్ అనే గ్రాహకానికి అతుక్కుంటుంది. పీఎక్స్ఆర్ మరో గ్రాహకం ఆర్ఎక్స్ఆర్‌తో జతకట్టి డీఎన్ఏను పట్టుకుంటుంది. అప్పుడు సీవైపీ3ఏ4 అనే ఎంజైము జన్యువు జోరందుకుంటుంది. ఆ ఎంజైము గర్భనిరోధక మాత్రల్లోని హార్మోన్లను త్వరత్వరగా విరగ్గొడుతుంది. టీబీ మందు వాడే రోజుల్లో ఆ మాత్రలను నమ్ముకోవద్దని డాక్టర్లు చెప్పేది ఇందుకే. ఇది పూర్తిగా పెంచడం. రెవ్-ఎర్బ్ ఆల్ఫా అనే గ్రాహకానిది దీనికి ఎదురు దారి. అది డీఎన్ఏ మీద కూర్చుని హిస్టోన్ల (డీఎన్ఏ చుట్టుకుని ఉండే ప్రోటీన్ల) నుంచి ఎసిటైల్ అనే రసాయన గుంపులను తీసేసే ఎంజైమును రప్పిస్తుంది. డీఎన్ఏ బిగుసుకుని, నిద్రా మెలకువల లయను నడిపే బీమాల్1 జన్యువు పని తగ్గుతుంది. ఈ రెండింటినీ ‘నియంత్రిస్తుంది’ అని ఒకే మాటలో చుట్టేస్తే చదివేవాడికి ఏమీ మిగలదు.

‘క్రమబద్ధీకరిస్తాయి’ అనమని కొందరంటారు. నాకది నచ్చదు. ఆ మాట వినగానే మన ఊళ్లో గుర్తొచ్చేది ప్లాట్ల క్రమబద్ధీకరణ. శీర్షికలో ‘నియంత్రణ’ను అలాగే ఉంచండి, పరీక్షల్లో ఆ మాటే వస్తుంది. పాఠంలో మాత్రం ‘పెంచుతుంది’, ‘తగ్గిస్తుంది’, ‘ఆపేస్తుంది’ అని జరిగేది జరిగినట్టు రాయండి. మొదటి వాక్యం ఇలా ఉండవచ్చు: ‘అనాథ కేంద్రక గ్రాహకాలు డీఎన్ఏను పట్టుకుని కొన్ని జన్యువుల వ్యక్తీకరణను పెంచుతాయి, కొన్నింటిది తగ్గిస్తాయి. కనుగొన్ననాటికి వీటి లైగాండ్ ఏదో తెలియదు కాబట్టి అనాథలన్నారు.’