ఫ్రీ పాసుకు లెక్క అడగకూడదా?

ప్రశ్న: మా అబ్బాయి అండర్-14 ఆడతాడు. లీగు మ్యాచ్‌లన్నిటికీ వచ్చిన పిల్లలకు ఉప్పల్ స్టేడియం పాస్ ఫ్రీ అని అకాడమీవాళ్లు సీజన్ మొదట్లో చెప్పారు. వాడు ఒక్కటీ మానలేదు. జ్వరంగా ఉన్న రోజు కూడా వెళ్లి స్కోరు రాశాడు. తీరా పద్నాలుగు మందికి ఆరు పాసులే వచ్చాయి. అందులో మూడు అసలు బ్యాటే పట్టని పిల్లలకు వెళ్లాయి. అడిగితే, "ఫ్రీగా ఇచ్చేదానికి లెక్కలేంటమ్మా" అన్నారు. నేను అడగడం తప్పా?
- ఒక తల్లి, నాచారం

జవాబు: తప్పేం లేదమ్మా. అది ఫ్రీ ఎలా అవుతుంది? మీవాడు సీజనంతా ఎండలో నిలబడి సంపాదించుకున్నాడు. పాసులు తక్కువ రావడం అకాడమీ చేతిలో లేకపోవచ్చు, ఒప్పుకుంటాను. ఉన్న ఆరింటిని ఎవరికివ్వాలో మాత్రం వాళ్ల చేతిలోనే ఉంది. హాజరు పుస్తకం చూసి, సమానంగా వచ్చినవాళ్ల పేర్లతో పిల్లల ముందే చీటీలు తీస్తే సరిపోయేది. చీటీలో ఓడిన పిల్లాడు సాయంత్రానికి మర్చిపోతాడు. పక్కన పెట్టిన పిల్లాడు మర్చిపోడు. నేను మర్చిపోలేదు, నాకిప్పుడు అరవై ఒకటి.

2024 జనవరిలో ఇంగ్లండ్ టెస్టుకు ఉప్పల్‌లో స్కూలు పిల్లలను ఉచితంగా రానిచ్చారు. ఓలీ పోప్ 196 కొట్టి మనల్ని ఏడిపించిన మ్యాచే అది. అయినా టెస్టులకు పిల్లల్ని పిలవడం తేలిక, టీ20 పాసుల దగ్గరే అందరికీ చుట్టాలు పుట్టుకొస్తారు.

మిగతా తల్లిదండ్రులతో కలిసి వెళ్లి, వచ్చే సీజన్ పద్ధతిని ఇప్పుడే కాగితం మీద రాయించండి. కోచ్‌తో గొడవ మాత్రం మీవాడి ముందు వద్దు.