చిన్నా, కుస్కోకి ఫ్లైట్ బుక్ చెయ్యకు

చిన్నా,

నీ ప్లాన్ మీ నాన్న పంపాడు, చూశా. 21 రోజుల్లో పెరూ, బొలీవియా, చిలీ, అర్జెంటీనా నాలుగూ పెట్టేశావు, ఏం తొందర్రా నీకు? చిలీ, అర్జెంటీనా కొట్టేయ్. ఆ రెండు దేశాల దక్షిణ కొసన ఉన్న పటగోనియా బాగుంటుంది, కాదనను, కానీ రేట్లు మండిపోతాయి, పైగా నువ్వెళ్ళే జూలైలో అక్కడ నడి చలికాలం. పెరూ, బొలీవియా కొండల్లో అయితే మే నుంచి సెప్టెంబర్ దాకా వానలు పెద్దగా ఉండవు, ఆకాశం కడిగినట్టుంటుంది, రాత్రిళ్ళు మాత్రం పళ్ళు టకటకా కొట్టుకుంటాయి.

ఇక ఆ కుస్కో ఫ్లైట్. పెరూ రాజధాని లిమా సముద్రం ఒడ్డున ఉంటే కుస్కో కొండల్లో 3,400 మీటర్ల ఎత్తున ఉంది, గంటంబావులో అక్కడ దింపేస్తారు. నేనూ టైం కలిసొస్తుందని అలాగే వెళ్ళా, అంత ఎత్తు ఒక్కసారిగా ఒంటికి పడక దిగిన సాయంత్రం నుంచి తల బద్దలైపోయింది, రెండు రోజులు హాస్టల్ మంచం మీంచి లేవలేదు, ట్రెక్‌కి కట్టిన అడ్వాన్సు గోవిందా. తిరుమల మెట్లు ఆగకుండా ఎక్కేశానని చెబుతావు కదా, తిరుమల వెయ్యి మీటర్లు కూడా లేదు నాయనా, ఇక్కడ బస్టాండులే దానికి మూడు రెట్ల పైన ఉంటాయి.

అందుకని ముందు లిమా నుంచి పగటి బస్సులో హువరాస్ వెళ్ళు, ఓ ఎనిమిది గంటలు పడుతుంది. అది 3,050 మీటర్లు. మొదటి రెండు రోజులు బజారు తిరగడం, పడుకోవడం, నీళ్ళు తాగడం, అంతే. మూడో రోజు విల్కాకోచా అని చిన్న చెరువుంది, 3,700 మీటర్లు, కొలెక్టివో ఎక్కి రోడ్డు మీద దిగి నడవడమే. కొలెక్టివో అంటే మన షేర్ ఆటో లాంటి వ్యాన్, నిండితేనే కదులుతుంది. అక్కడ ఆయాసం లేకుండా ఉంటే ఆ తర్వాత లగూనా 69కి వెళ్ళు, 4,600 మీటర్ల దగ్గర నీలం సిరా ఒలకబోసినట్టు ఉంటుంది ఆ సరస్సు, చూసి నేను కాసేపు మాట్లాడలేదు (మీ మామయ్య ఇప్పటికీ దీని మీద జోకులేస్తాడు). తలనొప్పితో పాటు వాంతులు మొదలైతే మాత్రం మొండికెయ్యకుండా కిందికి దిగిపో. ఎత్తు పడకపోవడానికి వేసుకునే మాత్ర డయామాక్స్, దాని సంగతి బయల్దేరే ముందే డాక్టర్ని అడుగు. కోకా ఆకుల టీ అక్కడ అందరూ తాగుతారు, నువ్వూ తాగు, కానీ ఒక్క ఆకు కూడా బ్యాగులో వేసుకుని ఇండియాకి రాకు, కేసవుతుంది.

తిండికి మధ్యాహ్నం మార్కెట్లో మెనూ అని అడుగు, సూపు, అన్నంతో ఏదో ఒకటి, తాగడానికి ఒక గ్లాసు, అన్నీ కలిపి చవగ్గా ఇస్తారు. నువ్వు శాకాహారివి కాబట్టి మాంసం లేకుండా అంటే సరిపోదు, చికెన్ వాళ్ళ లెక్కలో మాంసం కాదు, కోడి వద్దు చేప వద్దు అని విడివిడిగా చెప్పాలి, అయినా సూపులో కోడి నీళ్ళు ఉండొచ్చు, ఆ బెంగ ఉంటే ఉడికించిన మొక్కజొన్న, చీజ్ ముక్క రోడ్డు మీద అమ్ముతారు, అది తిను. హాస్టల్ కిచెన్లో పప్పన్నం వండుకుందామనుకోకు, ఆ ఎత్తులో నీళ్ళు 87, 88 డిగ్రీలకే మరిగిపోతాయి, పప్పు జన్మలో ఉడకదు. అటుకులు పట్టుకెళ్ళు.

హువరాస్ నుంచి కుస్కో, తర్వాత పునో. జూలై 28, 29 పెరూ జాతీయ పండగ, బస్సు టికెట్లు ముందే కొనుక్కో. రాత్రి బస్సుల్లో పాస్‌పోర్టు బ్యాగు ఒళ్ళోనే పెట్టుకో, పైన అరలో పెట్టావంటే దాని మీద ఆశ వదులుకోవాల్సిందే. పునో దాటితే టిటికాకా సరస్సు ఒడ్డునే బోర్డర్, అవతల కోపకబానా, బొలీవియా టైం పెరూ కంటే గంట ముందుంటుంది, వాచీ మార్చుకో. అక్కణ్ణుంచి పడవలో ఇస్లా డెల్ సోల్ దీవికి వెళ్ళి ఒక రాత్రి ఉండు, చిల్లర కోపకబానాలోనే తీసుకో. డాలర్లు మడత లేనివి పెట్టుకో, మూల చిరిగినా తిప్పి ఇచ్చేస్తారు. లా పాజ్ వెళ్ళే దారిలో సరస్సు ఇరుకయ్యే టికీనా దగ్గర అందర్నీ దింపేసి మనల్ని చిన్న పడవలో, బస్సుని చెక్క పంటు మీద విడిగా దాటిస్తారు, నీ బస్సు నీళ్ళ మీద ఊగుతూ వస్తుంటే కంగారు పడకు.

ఎల్లో ఫీవర్ టీకా మర్చిపోకు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, హైదరాబాద్ నారాయణగూడలో ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) ఉంది కదా, అక్కడ వేస్తారు. టీకా వేసినట్టు ఇచ్చే పసుపు కార్డు లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే క్వారంటైన్‌లో కూర్చోబెడతారు. పెరూ వీసాకి నీ అమెరికా వీసా ఇంకో ఆరు నెలలకు పైగా ఉంటే పని అయిపోతుందేమో ఎంబసీ సైట్లో చూసుకో.

ఇంకొకటి, పునో నుంచి పడవలో టకీలే దీవికి వెళ్తావు కదా, అక్కడ అల్లికలు మగాళ్ళే చేస్తారు, నడుస్తూ కూడా అల్లుతుంటారు. మీ మామయ్య టోపీ పురుగులు తినేశాయి, ఇంకోటి తీసుకురా. ఊరి సహకార సంఘం షాపులో ఒకటే రేటు, బేరమాడి నా పరువు తీయకు.

అత్త