నానోఫైబర్ ఇన్సులేషన్ పేపర్ మడిస్తే పగులుతోంది, బలం ఎలా పెంచాలి?

సెల్యులోజ్ నానోఫైబర్‌తో (చెక్క, పత్తిలో ఉండే పీచుని నానోమీటర్ల సన్నదనానికి విడదీసింది) కరెంటు ఆపడానికి చేసిన షీటు ఎండాక ముడుచుకుపోతోంది, మడిస్తే పగులుతోంది, గ్లిజరిన్ కలిపితే సరిపోతుందా అని అడిగారు. గ్లిజరిన్ మాత్రం వద్దు. ఎంటెక్ ప్రాజెక్టులో నేను చేసిన తప్పు అదే.

మాది నెల్లూరు. నాన్నది మోటార్ రివైండింగ్ షాపు, వచ్చేవి ఎక్కువగా రొయ్యల గుంటల ఏరియేటర్ మోటార్లే. గ్లిజరిన్ కలిపిన షీటు మే నెలలో చేశాను, మెత్తగా వంగింది, మెగ్గర్ (ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటరు) రీడింగ్ కూడా బాగానే వచ్చింది. నవంబరు వానల్లో అదే షీటు మళ్లీ పెట్టి చూస్తే మెగ్గర్ ముల్లు నిలబడలేదు, నిరోధం పడిపోయింది. సెల్యులోజ్‌కి మామూలుగానే తేమ పీల్చే గుణం, దానికి గ్లిజరిన్ తోడైతే ఇంక చెప్పేదేముంది. మీకు కావాల్సింది తేమని పిలవని బలం.

ముందు షీటు పోసే పద్ధతి చూడండి. ద్రావణం చిక్కగా ఉంటే పీచు గడ్డకడుతుంది, పగులు ఆ గడ్డ దగ్గరే మొదలవుతుంది. 0.2 శాతం దాకా పలచన చేసి, సోనికేటర్‌లో (ధ్వని తరంగాలతో గడ్డలు విడదీసే యంత్రం) పెట్టి, వాక్యూమ్‌లో బుడగలు తీసేసి అప్పుడు వడకట్టండి. బుడగ మిగిలితే బలమూ పోతుంది, కరెంటు చిన్న రవ్వలుగా దూకే డిశ్చార్జీ కూడా అక్కడే మొదలవుతుంది. తడి షీటుని ఊరికే ఆరబెట్టకండి, అంచులు ముందు ఎండి లాగేస్తాయి, మీది ముడుచుకుపోవడానికి చాలావరకు కారణం ఇదే అయ్యుంటుంది. రెండు బ్లాటింగ్ పేపర్ల మధ్య బరువు పెట్టి, తర్వాత హాట్ ప్రెస్ చేయండి.

పీచు విడదీయడానికి టెంపో అనే ఉత్ప్రేరకంతో చేసే ఆక్సిడేషన్ వాడుంటే (2006లో సైటో, ఇసోగాయ్ బృందం చూపించిన దారి) 3-4 నానోమీటర్ల సన్నటి పీచు వస్తుంది, కానీ దాన్ని పట్టుకుని సోడియం అయాన్లు ఉండిపోతాయి, టాన్ డెల్టా (ఇన్సులేషన్‌లో వేడిగా వృథా అయ్యే కరెంటు కొలత) పెంచేది అవే. షీటుని కాల్షియం క్లోరైడ్ నీళ్లలో నానబెడితే సోడియం పోయి కాల్షియం వచ్చి పీచుల్ని ఒకదానికొకటి కట్టేస్తుంది, తడిలో కూడా బలం నిలుస్తుంది. తర్వాత మిగిలిన ఉప్పు పోయేదాకా డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి, ఇక్కడ బద్ధకిస్తే చేసిందంతా వృథా.

మీది మోటారు కోసమైతే ఇంకో మాట. సెల్యులోజ్ వార్నిష్‌లోనో నూనెలోనో ఉన్నా 105 డిగ్రీల వేడి దాకా తట్టుకునే క్లాసే, ఇప్పటి మోటార్లు చాలావరకు 155. అందుకే నేను చివరికి అరామిడ్ (కెవ్లార్ లాంటి, వేడి తట్టుకునే కృత్రిమ పీచు) నానోఫైబర్‌కి మారాను. కెవ్లార్ పీచుని డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో పొటాషియం హైడ్రాక్సైడ్ వేసి వారం రోజులు తిప్పితే ముదురు ఎరుపు ద్రావణం అవుతుంది, నీళ్లు పోయగానే జెల్లీలా విడిపోతుంది. ఆ ఎరుపు పోయి లేత పసుపుకి తిరిగే క్షణం ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. గ్లవ్స్ లేకుండా ముట్టుకోకండి, డీఎంఎస్‌ఓ చర్మంలోంచి లోపలికి పోతుంది, కలిసినవాటినీ తీసుకుపోతుంది.

ఆ అరామిడ్ పీచులో సన్నటి అభ్రకం రేకులు కలపండి. మన గూడూరు, సైదాపురం వైపు గనుల అభ్రకమే సరిపోతుంది. నిదానంగా వడకడితే రేకులన్నీ బల్లపరుపుగా, తాటాకు కప్పులా ఒకదాని మీద ఒకటి పడతాయి, కరెంటు దూసుకుపోవాలంటే ప్రతి రేకునీ చుట్టి రావాలి. రేకులకి ముందు సైలేన్ అనే అతుకు రసాయనం పట్టిస్తే పీచుతో అతుకు బాగుంటుంది. మోతాదు కొద్దికొద్దిగా పెంచండి, ఆశపడి ఎక్కువ వేస్తే షీటు అప్పడంలా విరుగుతుంది.

తెగే బలం ఒక్కటే కొలిచి ఆగిపోకండి. నా షీటుకి టెన్సైల్ నంబర్ బాగా వచ్చిందని సంతోషంగా షాపుకి పట్టుకెళ్తే, నాన్న మోటారు స్లాట్ (తీగ చుట్ట కూర్చునే గాడి) సైజుకి కత్తిరించి, చివర మడత పెట్టి గోటితో గీశారు, స్టేటర్ స్లాట్‌లోకి తోస్తుంటే ఆ మడత మీద సన్నటి తెల్ల గీత వచ్చింది. "చినగలేదు కదా" అన్నాను. "వైండింగ్ కాలేది ఇక్కడేరా" అన్నారు. అప్పట్నుంచీ నేను షీటుని 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, మడిచి, బ్రేక్‌డౌన్ వోల్టేజీ (కరెంటు షీటుని చీల్చుకుపోయే వోల్టేజీ) ఆ మడత మీదే కొలుస్తాను. మీరూ చదును షీటు మీదా, మడత మీదా రెండు రీడింగులూ తీసి ఇక్కడ పెట్టండి, ఎన్నిసార్లు కడిగారో కూడా రాస్తే తేడా ఎక్కడ వస్తోందో చూద్దాం.