దత్తత తెచ్చుకున్న కుక్కపిల్లకి తుంటి సమస్య ఉండొచ్చంటున్నారు, ఏం చేయాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. షెల్టర్ నుంచి 8 నెలల ఆడకుక్కను తెచ్చుకుని మూడు వారాలైంది. పరిగెత్తేటప్పుడు వెనక కాళ్లు రెండూ కలిపి గెంతుతోంది, పడుకుని లేవడానికి ఇబ్బంది పడుతోంది. డాక్టరు హిప్ డిస్‌ప్లేసియా, అంటే తుంటి కీలు సరిగ్గా అమరక వదులుగా ఉండటం, కావచ్చన్నారు, ఇంట్లో వాళ్లు వెనక్కి ఇచ్చేద్దామంటున్నారు. మంచం ఎక్కనివ్వాలా వద్దా అని కూడా అడిగారు.

ముందు ఆ వెనక్కి ఇచ్చే మాట తేల్చేద్దాం. ఇవ్వకండి. కుక్క ఒక ఇంటికి అలవాటు పడుతుండగా మళ్లీ బోనులోకి వెళ్తే దాని తుంటి ఏమీ బాగుపడదు, మనిషి మీద నమ్మకం మాత్రం పోతుంది. పైగా ఇంకా ఎక్స్‌రే కూడా తీయలేదు. ‘కావచ్చు’ అన్న ఒక్క మాటకే ఇంటిల్లిపాదీ తీర్పు ఇచ్చేస్తే ఎలా?

మా కుక్క గవ్వ వచ్చినప్పుడు దానికి 7 నెలలుంటాయని పళ్లు చూసి చెప్పారు. పడుకుంటే గవ్వలా ముడుచుకుంటుందని ఆ పేరు. మొదటి వారం అది కుందేలులా గెంతుతుంటే మాకు ముద్దొచ్చి వీడియో తీసి చుట్టాలందరికీ పంపాం. అందరూ గుండె బొమ్మలు పెట్టారు. నెల తర్వాత అదే వీడియో చూసి డాక్టరు గారు, “ఇది ఆట కాదండీ, వెనక కాళ్లు విడివిడిగా వేస్తే నొప్పి, అందుకే కలిపి వేస్తోంది” అన్నారు. ఆ వీడియో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది, చూడాలంటే మనసొప్పదు.

అసలు మాకు విషయం తెలిసింది డాక్టరు వల్ల కాదు, మా హాల్లో నేల వల్ల. అద్దంలా మెరిసే టైల్స్ ఏరికోరి వేయించుకున్నాం. ఒక సాయంత్రం కాలింగ్ బెల్ మోగింది. గవ్వ నిద్రలోంచి ఉలిక్కిపడి లేచి తలుపు వైపు పరుగు తీసింది. హాలు మధ్యలోకి వచ్చేసరికి వెనక కాళ్లు చెరో పక్కకీ జారిపోయి, కప్పలా నేలకి అతుక్కుపోయింది. కుయ్‌మని ఒక్కసారి అరిచి ఊరుకుంది. ఇంకా అరిచినా నాకు అంత భయమేసేది కాదేమో. ముందు కాళ్లతో ఈడ్చుకుంటూ గోడవారకి పోయి, అక్కడ కూర్చుని నన్ను చూసింది.

ఆ తర్వాత నాలుగు రోజులు హాల్లో అడుగు పెట్టలేదు. దాని గిన్నె హాలుకి అవతల వంటింట్లో ఉంటుంది. గది గడప దగ్గర నిలబడి గిన్నెకేసి చూస్తుంది, నేలకేసి చూస్తుంది, మళ్లీ నాకేసి చూస్తుంది. అప్పటికే 18 కిలోలు. ఎత్తుకుని తిప్పితే రెండు రోజులకి నా నడుం పోయింది. పోనీ దుప్పట్లు పరుద్దామని పరిస్తే టైల్స్ మీద అవి ఇంకా జారతాయి. ఐదో రోజు రాత్రి ఇంట్లో ఉన్న యోగా మ్యాట్, బాత్రూముల ముందు వేసే రబ్బరు అడుగున్న పట్టలు, చివరికి కారులో కాళ్ల కింద వేసేవి కూడా తీసుకొచ్చి గడప నుంచి వంటింటి దాకా వరసగా పరిచాను.

ముందు కాలు ఒకటి పెట్టి వాసన చూసింది. తీసేసింది. మళ్లీ పెట్టింది. నేను పిలవలేదు, పిలిస్తే పరిగెత్తుతుందని భయం. వంటింటి గడప మీద ఊరికే కూర్చున్నాను. మూడో మ్యాట్ దాకా వచ్చి ఆగిపోయింది. దానికీ తర్వాతి దానికీ మధ్య జానెడు ఖాళీ ఉంది. ఆ జానెడు నేలని అది ఏటిని చూసినట్టు చూసింది. నేను పాకుతూ వెళ్లి మ్యాట్ జరిపాను. దాటింది. గిన్నె దగ్గరికొచ్చి, తినకుండా ముందు నా మోకాలు నాకింది. అప్పుడు ఏడ్చాను, దాచుకోవడమెందుకు.

అందుకని మీరు రేపు చేయాల్సిన మొదటి పని నేల సంగతి చూడటం. అది తిరిగే దారంతా జారనివి పరవండి. గోళ్లు కత్తిరించండి, పాదాల అడుగున వేళ్ల మధ్య పెరిగే బొచ్చు కూడా. గోళ్లు పెరిగితే నేల మీద పట్టు దొరకదు. ఇల్లు అందంగా ఉండదు, నిజమే. మా ఇంటికొచ్చిన వాళ్లు ఇప్పటికీ ‘ఏమిటీ సంత’ అన్నట్టే చూస్తారు.

ఇక డాక్టర్ల సంగతి. మేం మొదట చూపించిన ఆయన బల్ల అవతల నుంచి లేవలేదు. కుక్క మీద చెయ్యి కూడా వేయకుండా ‘సర్జరీ తప్పదు’ అన్నారు. రెండో ఆవిడ క్లినిక్ బయటికొచ్చి గవ్వని నడిపించి, తిప్పించి, మోకాళ్లు, వెన్ను, తొడ కండలు అన్నీ తడిమి చూశారు. ఈ వయసులో వెనక కాలు కుంటడానికి తుంటి ఒక్కటే కారణం కాదు. మోకాటి చిప్ప జారడం, మోకాలి లిగమెంట్ తెగడం, పెరిగే ఎముకల్లో వచ్చే నొప్పి, ఆఖరికి పిడుదులు కుట్టి వచ్చే జ్వరం కూడా కుంటేలా చేస్తాయి. తుంటి గిన్నెలో తొడ ఎముక బంతి వదులుగా ఉందో లేదో సరిగ్గా తేలాలంటే కుక్కకి మత్తిచ్చి, కండలు సడలాక చేత్తో పరీక్షించాలి, ఎక్స్‌రే తీయాలి. మత్తంటే మేమూ భయపడ్డాం. కానీ కదిలే కుక్కని నలుగురు అదిమి పట్టుకుని తీసిన ఎక్స్‌రే ఎందుకూ పనికిరాదు.

ఎక్స్‌రే మాత్రం వాయిదా వేయకండి, ఇది గట్టిగా చెప్తున్నాను. కటి ఎముకని కోసి గిన్నెని తిప్పి అమర్చే ఆపరేషన్ ఒకటుంది. అది కీలు అరగకముందే చేయాలి, సాధారణంగా 10 నెలల లోపు. మీ దానికి 8 నెలలు. అవసరం పడకపోవచ్చు, గవ్వకి పడలేదు. కానీ ‘చూద్దాంలే’ అంటూ ఏడాది గడిపితే ఆ దారి మూసుకుపోతుంది. తర్వాత మిగిలేవి బంతి తీసేయడం, కీలే మార్చడం లాంటివి.

ఫిల్ము చూసి గుండె జారిపోతే ఒక మాట గుర్తుంచుకోండి. ఫిల్ములో ఎంత ఘోరంగా కనిపిస్తే నొప్పి కూడా అంతే ఉంటుందని లేదు. గవ్వ ఎడమ తుంటి ఫిల్ములో సగం బయటికే ఉంది. అయినా ఆవిడ ‘ముందు బరువు తగ్గించండి, రెండు నెలల తర్వాత రండి’ అన్నారు.

బరువు! నేను అసలు చెప్పాలనుకున్నది ఇదే. నా లెక్కలో సగం వైద్యం తిండి గిన్నెలోనే ఉంది. 2002లో వచ్చిన ఒక అధ్యయనంలో 48 ల్యాబ్రడార్లని జీవితాంతం గమనించారు. ఒకే ఈత పిల్లల్ని జతలు చేసి, జతలో ఒకదానికి రెండోదాని కన్నా 25 శాతం తక్కువ పెట్టారు. తక్కువ తిన్నవాటికి తుంటి కీళ్ల అరుగుదల బాగా ఆలస్యంగా వచ్చింది, దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి కూడా. ఇంత మంచి ఫలితమిచ్చే మాత్ర ఏదైనా ఉంటే జనం క్యూ కట్టేవాళ్లు. తక్కువ పెట్టమంటే మాత్రం ‘పాపం, నోరు లేని జీవి’ అంటారు.

మా ఇంట్లో నెల రోజులు తూకం వేసి పెట్టినా బరువు తగ్గలేదు, పైగా అరకిలో పెరిగింది. థైరాయిడేమోనని టెన్షన్ పడి రక్త పరీక్ష చేయించబోయాం. ఒక రోజు నాన్నగారి చొక్కా ఉతకడానికి తీస్తే జేబు నిండా బిస్కెట్ పొడి. అడిగితే “ఒక్కటే కదమ్మా” అన్నారు. ఆ ఒక్కటే రోజుకి ఎన్నిసార్లో గవ్వకే తెలుసు. ఇప్పుడు దాని వాటాలోంచే ఒక గుప్పెడు తీసి పొద్దున్నే ఆయన జేబులో పోస్తాం, ఆయన రోజంతా పెట్టుకుంటారు. ఇద్దరికీ తృప్తి. చేత్తో తడిమితే పక్కటెముకలు తగలాలి, పైనుంచి చూస్తే నడుం కనిపించాలి. అలా కనిపిస్తే వచ్చిన వాళ్లంతా “తిండి పెట్టడం లేదా” అంటారు. అన్నారంటే మీరు సరిగ్గానే పెడుతున్నారన్నమాట.

ఎముకలు గట్టిపడాలని కాల్షియం సిరప్ పోయమనే వాళ్లు మీకూ తగులుతారు. పెద్ద జాతి పిల్లలకి అదనపు కాల్షియం మేలు చేయకపోగా ఎముకల పెరుగుదలనే పాడుచేస్తుంది. ఇది తుంటి గిన్నె ఆకారంలో తేడా, కాల్షియం కొరత కాదు. మీ నొప్పి మాత్రలు కూడా దానికి వేయకండి. ఐబుప్రోఫెన్ లాంటివి కుక్కకి కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలు పాడుచేస్తాయి. కుక్కలకి వేరే నొప్పి మందులున్నాయి, డాక్టరు రాసిస్తారు.

కొందరు కదలనివ్వకండి, కట్టేయండి అంటారు. కొత్తగా దెబ్బ తగిలినప్పుడు, ఆపరేషనప్పుడు సరే, రోజూ అలాగే ఉంచితే తొడ కండలు కరిగిపోతాయి. వదులు కీలుని పట్టి ఉంచేది ఆ కండలే. రోజూ మూడు నాలుగు సార్లు, కొద్దికొద్ది సేపు, పట్టీతో మెల్లగా, మట్టి మీదో గడ్డి మీదో నడిపించండి. ఈత కొట్టే వీలుంటే అంతకన్నా మంచిది లేదు. బంతి విసిరే ఆట మాత్రం ఆపేయండి. ఆ పరుగు, ఆ సడన్ బ్రేకు, ఆ మలుపు అన్నీ తుంటి మీదే పడతాయి. గవ్వకి బంతి బదులు వాసన పట్టే ఆట నేర్పాం, ఇంట్లో ఏదో ఒకటి దాచి వెతకమనడం. పదిహేను నిమిషాలకి అలిసి నిద్రపోతుంది.

గవ్వకిప్పుడు నాలుగేళ్లు. చలికాలం పొద్దున్నే కాస్త బిగుసుకుపోతుంది, పది అడుగులు వేశాక సర్దుకుంటుంది. ఆపరేషన్ ఇంకా చేయించలేదు.

ఇక మంచం సంగతి. ఎక్కనివ్వొద్దనే మాకూ చెప్పారు, రెండు వారాలు ఆపాం. అసలు చిక్కు దూకడంతోనే, మంచంతో కాదు. ఇప్పుడు అది ముందు కాళ్లు రెండూ పరుపు మీద పెట్టి, తల తిప్పి చూస్తూ నిలబడుతుంది. ఎవరో ఒకరు లేచి వెనక భాగం పైకెత్తాలి. రాత్రి రెండింటికైనా సరే. ఎక్కువసార్లు లేచేది నాన్నగారే.